మన చేను మీద ఎవరి లైటు?

పక్క చేలో కొట్టిన కలుపు మందు గాలికి వచ్చి మన పత్తి మీద పడితే ఊరుకోం. పెద్దమనుషుల్లో పెడతాం, నష్టం కట్టమంటాం. మిల్లు నీళ్లు పంట కాల్వలో కలిపితే తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చుంటాం. కానీ పొద్దు గూకింది మొదలు తెల్లారేదాకా మన చేను మీద పడే లైటు గురించి మాత్రం గ్రామ సభల్లో మాటే వినపడదు. హైవే స్తంభాలు, టోల్ గేటు, రైసు మిల్లు ఆవరణ, కోల్డ్ స్టోరేజీ, రియల్ ఎస్టేటు వెంచరు, ఊరి కూడలిలో హైమాస్టు, గోడౌను గోడకు బిగించిన ఫ్లడ్ లైటు. ఇరవై ఏళ్ల కిందటి ఊరి రాత్రికీ ఇప్పటి రాత్రికీ పోలిక లేదు.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎరువులాగా, మందులాగా లైటు కూడా పంట మీద పనిచేస్తుంది. మన చేలో రాత్రిపూట ఎంత లైటు పడాలో చెప్పే హక్కు మనకు ఉండాలి. అందుకు బయటి లైట్లన్నిటికీ ఊరి స్థాయిలో నియమాలు కావాలి. వాటిని పెట్టించే పని రైతు సంఘాలు భుజాన వేసుకోవాలి. వీధి దీపాలు పీకెయ్యమని మేం అనడం లేదు. దారి మీద పడాల్సిన లైటు దారి మీదే పడాలి అంటున్నాం.

రాత్రిని లెక్కపెట్టే పంటలు

లైటుతో పంట తీరు మారుతుందంటే నమ్మని వాళ్లు చామంతి రైతును అడగాలి. కర్ణాటక, తమిళనాడు సరిహద్దు ప్రాంతాల్లో చామంతి తోటల నిండా బల్బులు వేలాడదీస్తారు. చామంతికి రాత్రి పెద్దదైతేనే మొగ్గ వస్తుంది. మొక్క ఎదగకముందే మొగ్గ తొడిగితే పువ్వు చిన్నదవుతుంది, దిగుబడి పడిపోతుంది. అందుకని రాత్రిళ్లు కొన్ని గంటలు లైటు వేసి మొగ్గను ఆపుతారు. మొక్క తగినంత ఎదిగాక లైటు ఆపేస్తారు. డ్రాగన్ ఫ్రూట్ రైతులది దీనికి ఎదురు పని. ఆ మొక్కకు పగలు పెద్దదైన రోజుల్లో పూత వస్తుంది కాబట్టి, చలికాలంలో బల్బులు వేసి అన్‌సీజన్‌లో కాయ తీస్తున్నారు.

అంటే లైటు ఇప్పుడు రైతు డబ్బు పెట్టి వేసే పెట్టుబడి. చామంతి రైతు లెక్క చూసుకుని, కావలసినన్ని రోజులే వేసే ఆ లైటును, రోడ్డు పక్క స్తంభం కంది చేలో అడ్డూ అదుపూ లేకుండా కుమ్మరిస్తోంది. రెండూ పంటకు ఒకటే. ఒకటి రైతు ఇష్టంతో పడుతుంది, రెండోది రైతుతో ఒక్క మాట చెప్పకుండా పడుతుంది.

ఇందులో కొత్త సైన్సు ఏమీ లేదు. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు, సోయాబీన్ మీద చేసిన ప్రయోగాలను 1920లోనే ప్రచురించారు. కొన్ని మొక్కలు పొద్దు తగ్గితే గాని పూతకు రావని వాళ్లు చూపించారు. తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. ఆకు కొలిచేది పగటిని కాదట, తెగకుండా సాగిన చీకటిని. నడిరాత్రి కాసేపు లైటు పడినా చాలు, కొన్ని మొక్కలకు ఆ రాత్రి రెండు ముక్కలైపోతుంది. పెద్ద రాత్రి ఇంకా రాలేదనుకుని పూత పక్కన పెట్టి ఆకు వేస్తూనే ఉంటాయి.

మన పంటల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. కంది, ముఖ్యంగా మధ్యకాలిక, దీర్ఘకాలిక రకాలు. ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు వేసే సోయా. నువ్వులు. ఉత్తరాంధ్ర గోగు. పాత వానాకాలపు వరి రకాలు వారం ముందు నాటినా, వెనక నాటినా ఇంచుమించు ఒకే కార్తెలో ఈనేవని మన పెద్దలకు తెలుసు. అవి ఈనింది పొద్దు చూసే. ఇప్పటి స్వల్పకాలిక వరి రకాల్లో ఈ గుణం తక్కువ. కాబట్టి అన్ని మళ్లకూ ఒకే నష్టం ఉండదు. రకాన్ని బట్టి, దూరాన్ని బట్టి, లైటు ఎంతసేపు వెలుగుతుందన్న దాన్ని బట్టి మారుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో రోడ్డు దీపాల పక్కన సోయా ఆలస్యంగా పండుతోందని రైతులు మొత్తుకుంటే అక్కడి రవాణా శాఖ పరిశోధన చేయించింది. మన దగ్గర రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్ల లెక్క తీస్తారు, బోర్ల లెక్క తీస్తారు. లైటు పడే చేల లెక్క తీయడం మేం చూడలేదు.

పున్నమి వెన్నెల ఉంటుంది కదా, దానికి రాని నష్టం బల్బుకు ఎందుకు వస్తుందని అడిగేవాళ్లున్నారు. నడినెత్తిన పున్నమి చంద్రుడున్నా నేల మీద పడే వెలుతురు లక్సులో మూడో వంతు దాటదు. లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం. వీధి దీపం కింద అది 10, 20 లక్సులు ఉంటుంది. పైగా వెన్నెల నెలలో కొద్ది రోజులే. స్తంభం మీది బల్బుకు అమావాస్య లేదు.

రైతుకు ఇది చివరికి ఎక్కడ తగులుతుందో కూడా చెప్పుకోవాలి. లైటు పడే మూల పచ్చిగా ఉంటుంది, మిగతా మడి పండిపోతుంది. కోత మిషను మూల కోసం ఇంకో రోజు రాదు. గంటకు ఇంతని కిరాయి కట్టి తెచ్చిన మిషను ఒక్కసారే కోస్తుంది. పచ్చి గింజ, పండు గింజ ఒకే రాశిలో పడతాయి. కొనుగోలు కేంద్రంలో 17 శాతం మించి తేమ ఉండకూడదు. మీటరు పెడితే తేమ ఎక్కువ చూపిస్తుంది. ఆరబెట్టుకు రమ్మంటారు, లేదంటే తరుగు తీస్తారు. తాలు ఎక్కువ ఉందని మళ్లీ కోత. ఆ తరుగు చీటీ మీద లైటు పేరు ఎక్కడా రాసి ఉండదు. రైతు సరిగ్గా ఆరబెట్టలేదన్న మాటే మిగులుతుంది.

దీపపు పురుగులు

పురుగుకూ దీపానికీ ఉన్న సంబంధం మనకు ఒకరు నేర్పనక్కర్లేదు. వరిలో టుంగ్రో తెగులును మోసే పురుగును మన వాళ్లు పచ్చ దీపపు పురుగు అనే పిలుస్తారు. సుడిదోమ, కాండం తొలిచే పురుగు రెక్కల దశలో దీపానికి వస్తాయి. అనంతపురం వైపు వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగు వచ్చే ఏడు, తొలకరి పడగానే చేల గట్ల మీద మంటలు వేసేవాళ్లు, దీపపు ఎరలు పెట్టేవాళ్లు. వ్యవసాయ శాఖ ఇప్పటికీ దీపపు ఎరలు పెట్టమని చెబుతుంది. మంచి మాటే. అయితే పున్నమి రోజుల్లో ఎరలో పురుగు తక్కువ పడుతుందని వాటిని పెట్టినవాళ్లందరికీ తెలుసు. చుట్టూ చీకటి ఉంటేనే ఎర పనిచేస్తుంది. ఏటా 365 రోజులూ పున్నమిని మించిన లైటు పడే చోట మన చిన్న బల్బును ఏ పురుగు చూస్తుంది? ఒక శాఖ ఎర పెట్టమంటుంది, ఇంకో శాఖ ఆ పక్కనే ఎరను పనికిరాకుండా చేసే స్తంభం పాతుతుంది.

మిత్ర పురుగుల సంగతి ఇంకో నష్టం. సొర, పొట్ల, బీర సాయంత్రం మీద, రాత్రిపూట పూస్తాయి. సొర, పొట్ల పువ్వుల మీద రాత్రి వాలే రెక్కల పురుగులు పరాగం మోస్తాయి. స్విట్జర్లాండ్‌లో బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు అసలు దీపాలు లేని పచ్చిక బయళ్లలో కొన్నిచోట్ల వీధి దీపాలు పెట్టి చూశారు. ఆ దీపాల కింద రాత్రి పురుగులు పువ్వుల మీద వాలడం 62 శాతం తగ్గింది. పరిశీలించిన మొక్కలో కాయ కట్టడం 13 శాతం తగ్గింది. పగలు తేనెటీగలు తిరిగినా ఆ లోటు పూడలేదు. 2017లో ఈ ఫలితాలు వచ్చాయి. ఇంగ్లండ్‌లో 2021లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, వీధి దీపాలున్న దారుల పక్క కంచె పొదల్లో రెక్కల పురుగుల గొంగళ్లు దీపాలు లేని చోట కంటే 47 శాతం తక్కువ ఉన్నాయి. పాత పసుపు సోడియం దీపాల కంటే తెల్ల ఎల్‌ఈడీ దీపాల దగ్గర దెబ్బ ఎక్కువగా కనిపించింది.

గొంగళి పురుగు తగ్గితే మనకు మంచిదే కదా అనిపించవచ్చు. గట్ల మీది పొదల్లో ఉండే పురుగులన్నీ మన పైరును తినేవి కావు. పరాగం మోసేవి, పిట్టలకు మేతయ్యేవి వాటిలో ఎక్కువ. లైటు వాటిని తగ్గిస్తుంది, సుడిదోమను మాత్రం చేను దగ్గరికి పిలుస్తుంది. మిణుగురులు మన ఊళ్లలో ఎంత తగ్గిపోయాయో పిల్లల్ని అడిగితే తెలుస్తుంది. చాలామంది చూసి ఉండరు. మిణుగురు జత కట్టేదే తన వెలుగు చూపించి. తెల్ల లైటు కింద ఆ వెలుగు కనపడదు. వాటి పిల్ల పురుగులు నత్తలను తింటాయన్న సంగతి కూరగాయల రైతులు గుర్తుపెట్టుకోవాలి.

పగలు వెలిగే దీపాల బిల్లు ఎవరిది?

కేంద్రం 2015 జనవరిలో వీధి దీపాల జాతీయ పథకం మొదలుపెట్టింది. పాత బల్బులు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి. కరెంటు ఆదా అవుతుందన్నారు. ఒక్కో దీపానికి ఆదా నిజమే. కానీ చవక అయ్యాయని ఒకటి పెట్టాల్సిన చోట మూడు పెట్టారు. ఆరు గంటలు వెలగాల్సినవి ఇరవై నాలుగు గంటలు వెలుగుతున్నాయి.

ఎందుకు వెలుగుతున్నాయంటే చాలా ఊళ్లలో వీధి దీపాలకు విడిగా వైరు లేదు. ఇళ్లకు వెళ్లే లైనుకే తగిలించారు. ఇళ్లకు కరెంటు ఉన్నంతసేపు దీపం వెలుగుతుంది. మూడో వైరు లాగి, మీటరు, స్విచ్చి పెడితేనే దాన్ని ఆపగలం. తెలంగాణలో పల్లె ప్రగతి కార్యక్రమంలో మూడో వైరు పనులు చేపట్టారు. ఎన్ని ఊళ్లలో పూర్తయ్యాయో పగటిపూట స్తంభాల వంక చూస్తే తెలుస్తుంది.

చిన్న లెక్క వేద్దాం. కూడలి హైమాస్టు మీద 200 వాట్ల దీపాలు ఎనిమిది ఉన్నాయనుకుందాం. మొత్తం 1,600 వాట్లు. పగలు 12 గంటలు ఊరికే వెలిగితే రోజుకు 19 యూనిట్లు. నెలకు 576 యూనిట్లు. ఎండలో వెలిగిన దీపానికి ఇంత. ఆ బిల్లు పంచాయతీది, అంటే మనది. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల కరెంటు బాకీల కింద ఆర్థిక సంఘం నిధులు పట్టుకున్నారని సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కిన సంగతి మరిచిపోలేదు. నిధులు లాక్కోవడం తప్పే. మన ఇంట్లో కారుతున్న కుండను మూయడం మన పనే.

ఇతరులు చేసి చూపించారు

బయటి లైట్లకు ఊరు నియమాలు పెట్టడం గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరు పక్కనే ఉన్న నక్షత్రశాల కోసం 1958లోనే సెర్చిలైట్ల మీద నిషేధం పెట్టింది. జపాన్‌లో బిసెయి అనే చిన్న గ్రామీణ పట్టణం 1989లో లైటు కాలుష్యం మీద సొంత చట్టం చేసుకుంది. ఆ దేశంలో అలాంటిది అదే మొదటిది. వరి పండించే దేశం కాబట్టి వీధి దీపాల పక్క మళ్లలో వెన్ను ఆలస్యంగా వస్తోందన్న ఫిర్యాదులు అక్కడ పాతవే. 1998లో వాళ్ల పర్యావరణ శాఖ విడుదల చేసిన మార్గదర్శకాల్లో పంటల మీద ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఫ్రాన్సులో 2018 డిసెంబరులో జారీ అయిన ఉత్తర్వు బయటి లైట్ల దిశకు, రంగుకు, సమయానికి దేశమంతటా హద్దులు పెట్టింది.

మన దేశంలోనూ మొదలైంది. లద్దాఖ్‌లోని హాన్లేలో 1,073 చదరపు కిలోమీటర్ల మేర 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి పల్లెల వాళ్లు దీపాలకు టోపీలు పెట్టుకున్నారు, కిటికీలకు మందపాటి తెరలు వేసుకున్నారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో అలాంటి గుర్తింపు వచ్చింది. అందుకోసం చుట్టుపక్కల ఊళ్లలో వందకు పైగా వీధి దీపాలను కిందికి తిరిగేవిగా మార్చారు. మార్చింది పల్లెటూరి వీధి దీపాలనే, పెద్ద యంత్రాలేవీ అక్కర్లేకపోయాయి. నక్షత్రాల కోసం, పులుల కోసం మార్చగలిగినప్పుడు పంట కోసం ఎందుకు మార్చరు?

ఎదురయ్యే ప్రశ్నలు

దొంగల భయం ఉంది. మోటార్లు ఎత్తుకుపోతున్నారు, ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి వైరు లాక్కుపోతున్నారు. పాముల భయం ఉంది. ఆడవాళ్లు చీకట్లో బయటికి వెళ్లాలంటే జంకు ఉంది. ఇవి కొట్టిపారేసే మాటలు కావు. అందుకే మేం లైటు ఉండాల్సిన చోట తప్పక ఉండాలంటున్నాం. బస్టాపు, ఆసుపత్రి, హాస్టలు, మంచినీళ్ల ట్యాంకు, కొనుగోలు కేంద్రం, ఇళ్ల మధ్య సందులు. అయితే కళ్లలోకి కొట్టే ఫ్లడ్ లైటు భద్రత ఇవ్వదు. దాని వెనక ఉన్న నీడలో మనిషి నిలబడ్డా కనపడడు. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు వాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. టోపీ పెట్టి కిందికి దించిన చిన్న దీపం దారిని బాగా చూపిస్తుంది.

ఇంకో మాట. కూడలిలో హైమాస్టు పట్టపగల్లా వెలిగే ఊళ్లలోనే ఎస్సీ కాలనీకి పోయే దారిలో ఒక్క దీపం ఉండదు. వెలుతురు ఎక్కువైందని మేమంటున్నది పొలాల మీద, ఆకాశం మీద. ఆ వాడల్లో వెలుతురు తక్కువైంది. వృథా అవుతున్న దీపాలను విప్పి అక్కడ పెట్టడం మా డిమాండ్లలో మొదటిది.

రాత్రి మోటారు వేయడానికి పోయే రైతు మాటేమిటని అడుగుతారు. వ్యవసాయానికి కరెంటు పగటిపూట ఇవ్వాలన్నదే దానికి జవాబు. చేను నిండా ఫ్లడ్ లైట్లు వేస్తే ఆ కష్టం తీరదు.

మేం కోరే నియమాలు

ఒకటి, దిశ. ప్రతి బయటి దీపానికీ పైనా పక్కలా మూసిన టోపీ ఉండాలి. వెలుతురు కిందికే పడాలి. చేను వైపు తిరిగిన దీపానికి ఆ పక్క అడ్డు రేకు పెట్టాలి.

రెండు, రంగు. కొత్తగా కొనే దీపాలు 3000 కెల్విన్ లేదా అంతకన్నా తక్కువవి ఉండాలి. డబ్బా మీద ఆ అంకె ముద్రించి ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ లైటు పసుపు రంగుకు వస్తుంది. తెల్ల లైటు కంటే దానికి వచ్చే పురుగు తక్కువ.

మూడు, సమయం. దుకాణాల బోర్డులు, వెంచర్ల అలంకరణ దీపాలు, ఖాళీ ఆవరణల ఫ్లడ్ లైట్లు రాత్రి 11 తర్వాత ఆర్పాలి. రాత్రి పనిచేసే మిల్లు పని జరిగే చోటే వెలిగించుకోవాలి. పండుగలకు, జాతరలకు, పెళ్లిళ్లకు మినహాయింపు ఉండాలి.

నాలుగు, మూడో వైరు. ప్రతి పంచాయతీలో వీధి దీపాలకు విడి వైరు, మీటరు, టైమరు పెట్టాలి. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి.

ఐదు, అనుమతి. కొత్త లేఅవుటుకు, గోడౌనుకు, మిల్లుకు, పరిశ్రమకు అనుమతి ఇచ్చేటప్పుడు ఈ షరతులు రాయాలి. ఇప్పటికే ఉన్నవాటికి ఒక ఏడాది గడువు ఇవ్వాలి. గడువు దాటితే పక్క చేల రైతుకు నష్టం కట్టాలి.

ఆరు, రోడ్లు. జాతీయ రహదారి దీపాలు పంచాయతీ చేతిలో ఉండవు. కాబట్టి గ్రామ సభ తీర్మానం చేసి కలెక్టరు ద్వారా రోడ్ల అధికారులకు పంపాలి. కొత్త రహదారి పనుల్లో పంట పొలాల పక్క దీపాలకు అడ్డు రేకులు అంచనాల్లోనే చేర్చాలి.

వీటిని అమలు చేయడానికి ఖరీదైన మీటర్లు అక్కర్లేదు. మేం దీన్ని గట్టు పరీక్ష అంటున్నాం. రాత్రిపూట మీ చేని గట్టు మీద నిలబడండి. అక్కడ నుంచి దారి మీది వెలుతురు కనపడవచ్చు. దీపంలో వెలిగే బల్బు మాత్రం నేరుగా కంటికి కనపడకూడదు. కనపడితే అది మీ పైరుకూ కనపడుతోంది.

సభ్యులు ఈ నెలలో చేయాల్సిన పని మూడు ముక్కల్లో చెబుతాం. ప్రతి గ్రామ కమిటీ ఒక రాత్రి ఊరి చుట్టూ తిరిగి గట్టు పరీక్ష చేసి, ఏ దీపం ఏ చేను మీద పడుతోందో, ఆ చేలో ఏ పంట ఉందో కాగితం మీద రాయాలి. పూత ఎప్పుడొచ్చింది, లైటు పడని చోట ఎప్పుడొచ్చిందన్నది కోత దాకా పక్కపక్కనే రాసి పెట్టాలి. రేపు నష్టం అడిగే రోజున మన చేతిలో ఉండే సాక్ష్యం అదే. పంచాయతీ కార్యదర్శిని అడిగి వీధి దీపాల సంఖ్య, నెల బిల్లు తీసుకోవాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. ఆ రెండు కాగితాలతో వచ్చే గ్రామ సభకు వెళ్లి, పై ఆరు నియమాలు తీర్మానంగా రాయించి, నకలు మండల కమిటీకి పంపాలి.

నీళ్ల కోసం, ధర కోసం, భూమి కోసం మనం పోరాడుతూనే ఉన్నాం. రాత్రి చీకటి కూడా మన చేనికి అందాల్సిన వాటాయే. కరెంటు కోసం లైను కట్టినట్టే దాని కోసమూ కట్టాల్సి వస్తే కడతాం. ముందు తీర్మానంతో మొదలుపెడదాం.